ఎండ తగలని చోట చూడమన్న ఆంటీ

ఆంటీ పోయారన్న కబురు నాకు హామిల్టన్‌లో, పని దగ్గర కారు పార్క్ చేస్తుండగా అందింది. ఫోన్ చేసింది ఆవిడ కూతురు. ఆ అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. నాతో ఎప్పుడూ ఇంగ్లీషే. ఆ ఉదయం మాత్రం "అక్కా, అమ్మ పోయింది" అని తెలుగులో అంది. అంతవరకే వచ్చింది. మిగతాది చెప్పడానికి మాటలు చాలక ఏడ్చేసింది.

ఇంజన్ ఆపేసి అలాగే కూర్చున్నాను. ఆవిడ ఇంక ఎక్కువ రోజులు ఉండరని తెలుసు. నర్సును కాబట్టి మిగతావాళ్ళకంటే కాస్త ముందే తెలుసు. ఆ తెలిసి ఉండడం ఆ క్షణంలో దేనికీ పనికిరాలేదు. సెలవు అడిగి, ఆవిడ ఇల్లున్న పాపటోయిటోయికి బయలుదేరాను. గంటకు పైగా దారి. దారంతా ఒకటే ఆలోచన, ఆవిడ నాకు ఏమవుతారని చెప్పాలి? చుట్టం కాదు. మా ఊరు కాదు. మా దేశం కూడా కాదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడూ అదే సందేహం వచ్చింది. చివరికి ఆంటీ అనే రాస్తున్నాను. ఆవిడను అందరూ, తొంభై ఏళ్ళ తెల్ల ముసలివాళ్ళు కూడా, అలాగే పిలిచేవారు.

ఆవిడ ఫిజీలో పుట్టారు. ముత్తాత చెరుకు తోటల్లో పనికి ఓడెక్కి వెళ్ళినవాడు. ఇండియాను ఆవిడ ఒక్కసారి కూడా చూడలేదు. తెలుగు మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకున్నారు. అందుకని ఆ తెలుగు నాయనమ్మ కాలంలోనే ఆగిపోయింది. పాపటోయిటోయి స్టేషన్లో కరెంటు రైలు వచ్చి ఆగితే "పొగబండి వచ్చింది, పద" అనేవారు. ప్రభుత్వ ఆసుపత్రి ఆవిడకు "ధర్మాసుపత్రి". మధ్యమధ్యలో ఫిజీ హిందీ, ఇంగ్లీషు కలిసేవి. ఖమ్మం నుంచి వచ్చిన నాకు మొదట్లో సగమే అర్థమయ్యేది, నవ్వు కూడా వచ్చేది. తరువాత్తరువాత, మా అమ్మమ్మ కూడా మరిచిపోయిన మాటలను ఇన్ని సముద్రాల అవతల ఒకావిడ వాడుకలో ఉంచుకున్నారే అనిపించి ఒళ్ళు జలదరించేది.

2012 చలికాలంలో, ఒక పక్క చదువుకుంటూ, నేను ఒక రెస్ట్ హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరాను. ముసలివాళ్ళకు స్నానాలు చేయించడం, బట్టలు తొడగడం, తినిపించడం మా పని. నాకు పని నేర్పమని ఆంటీకి అప్పగించారు. అప్పటికే ఆవిడకు అరవై దాటాయి. పొట్టి మనిషి. యూనిఫాం మీద ఇస్త్రీ మడత సాయంత్రం దాకా చెదిరేది కాదు.

మొదటి రోజు ఒక పెద్దావిడకు పది నిమిషాల్లో స్నానం చేయించి, బట్టలు మార్చి, తల దువ్వి కుర్చీలో కూర్చోబెట్టాను. మెచ్చుకుంటారని ఆంటీ వైపు చూశాను.

"ఆవిడ ఎడం మడమ మీద ఏటుంది?" అని అడిగారు.

నాకు తెలియదు.

"వీపు మీద?"

అదీ తెలియదు.

"మరి ఎవరికి చేయించావు బేటీ స్నానం?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. తరువాతి గదిలో ఒక ముసలాయన దగ్గర నన్ను పక్కన నిలబెట్టి తానే చేసి చూపించారు. ముందు రెండు చేతులూ వేడినీళ్ళ కుళాయి కింద పెట్టి కాచుకున్నారు. "చల్లటి చెయ్యి పడితే ఒళ్ళు దాక్కుంటది" అన్నారు. గరుకు అద్దాల కిటికీకి ఉన్న కర్టెన్ పక్కకు లాగి, ట్యూబ్‌లైటు ఆపేశారు. "లైటు కింద అందరూ ఒకే రంగు. పగటి వెలుగులో చూడాల." ఆ తరువాత అరికాలి దగ్గర మొదలుపెట్టి చెవుల వెనక దాకా, తుడుస్తున్న చోటల్లా చూస్తూ, ఆ ముసలాయనతో వాన గురించీ రగ్బీ గురించీ కబుర్లు చెబుతూ పోయారు. తనను అంత పరీక్షగా చూస్తున్నారన్న సంగతి ఆయనకు తెలియనే తెలియదు. చివర్లో రోజువారీ పుస్తకంలో తాను చూసినవన్నీ ఇంగ్లీషులో, అన్నీ పెద్ద అక్షరాలతో రాశారు. కుడి మోకాలి కింద కొత్తగా కమిలిన మచ్చ. తొడ మీద పాత మచ్చ, మార్పు లేదు. 'మార్పు లేదు' అని కూడా రాయాలని నాకు అప్పుడే తెలిసింది.

ముసలి ఒంటి మీద వంద రకాల మచ్చలు ఉంటాయి. అన్నీ జబ్బులు కావు. అది కూడా ఆవిడే చెప్పారు. ఏవి వయసుతో వచ్చినవో, ఏవి డాక్టరుకు చెప్పాల్సినవో ఆవిడ ఎక్కడా చదువుకోలేదు. వేల స్నానాలలో చేతితో నేర్చుకున్నారు.

అలాగని ఎప్పుడూ పొరపడని మనిషేం కాదు. ఒకసారి ఒకావిడ అరచేతులు పసుపు రంగుకు తిరిగాయి. ఆంటీ కంగారుపడి పరుగున వెళ్ళి డ్యూటీ నర్సుకు చెప్పారు. డాక్టరు వచ్చి చూసి నవ్వేశారు. ఆ పెద్దావిడ కూతురు రోజూ సీసాల కొద్దీ క్యారెట్ రసం తెచ్చి తల్లికి తాగిస్తోంది. "కళ్ళు చూశావా ఆంటీ? తెల్లగా ఉన్నాయి. కామెర్లయితే కళ్ళు కూడా పసుపెక్కాలి కదా" అన్నారు డాక్టరు. ఆ తరువాత నెల రోజులు స్టాఫ్ రూములో ఎవరో ఒకరు ఆవిడ టిఫిన్ డబ్బా పక్కన ఒక క్యారెట్ పెట్టి పోయేవారు. ఆంటీ వాటన్నిటినీ ఇంటికి పట్టుకెళ్ళి, కొబ్బరిపాలు పోసి కూర వండి తెచ్చి, వాళ్ళకే వడ్డించారు. నాతో మాత్రం, "నేను తప్పు చూడలేదు బేటీ. సగమే చూశాను" అన్నారు.

మరుసటి ఏడాది చలికాలంలో వచ్చాడు ఆయన. వైకాటోలో అరవై ఏళ్ళు ఆవులను సాకిన పాడి రైతు. ఎనభై ఒక్క ఏళ్ళు. భార్య పోయాక, కూతురు దగ్గర్లోనే మనురేవాలో ఉంటుందని మా దగ్గర చేర్చారు. ఆంటీ, నేను మా తెలుగులో ఆయనను రైతు తాత అనుకునేవాళ్ళం. ఇక్కడ జులై అంటే నడి చలికాలం. ఆ చలికి మిగతావాళ్ళంతా సున్నం కొట్టిన గోడల్లా పాలిపోయి ఉంటే, ఆయన ఒక్కడే ఇప్పుడే సముద్రపు ఒడ్డు నుంచి వచ్చినట్టు ఇత్తడి రంగులో మెరుస్తూ ఉండేవాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ రంగు చూసి ముచ్చట పడేవారు. "అరవై ఏళ్ళు పచ్చికలో ఎండ కాచుకున్నాను మరి" అనేవాడు గర్వంగా.

ఆయనకు మొదటిసారి స్నానం చేయించి వచ్చిన రోజు ఆంటీ దుప్పట్లు మడతపెట్టే గదిలో నన్ను ఆపి అడిగారు.

"బేటీ, ఎండ బట్టలు విప్పి చూస్తదా?"

"అంటే ఏంటి ఆంటీ?"

"ఆయన నిక్కరు కింద కూడా అదే రంగు. పుట్టినకాడ నుంచి ఎండ తగలని చోట కూడా."

ఆ రంగును మేమందరం చూశాం. పొగిడాం కూడా. అది ఎక్కడ ఉండకూడదో అక్కడ కూడా ఉందన్న సంగతి ఆవిడకే కనపడింది.

ఇంకా ఉన్నాయి. అరచేతుల అంచులు ఎర్రగా కందినట్టున్నాయి. ఛాతీ మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు. ముసలివాళ్ళకు ఎర్ర చుక్కలు మామూలే గానీ, ఇవి వేరు. వేలితో మెల్లగా నొక్కితే మాయమై, వదలగానే మధ్యలో ముందు ఎరుపు పుట్టి, సాలీడు కాళ్ళలా చుట్టూ పాకుతున్నాయి. వేళ్ళ కణుపులు నొప్పి. పొద్దున లేచిన దగ్గరి నుంచి నీరసం.

ఆంటీ డ్యూటీ నర్సుకు చెప్పారు. ఆమె చెడ్డది కాదు. ముప్ఫై మందికి ఒక్కతే. "ఎనభై ఒకటి ఆంటీ. ఎండలో బతికిన మనిషి" అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "ఈసారి ఏ కూరగాయ?" అంది. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేను కూడా కొంచెం నవ్వాను. ఆ సంగతి రాయకపోతే ఈ స్మృతి అబద్ధమవుతుంది.

రెండు వారాలు ఆంటీ రోజువారీ పుస్తకంలో పెద్ద అక్షరాలతో రాస్తూనే ఉన్నారు. డాక్టరు గురువారం వచ్చేవారు. పదిహేను మందిని చూడాలి. రైతు తాత మెడ దాకా స్వెటర్ వేసుకుని, "నాకేం, దివ్యంగా ఉన్నాను" అనేవాడు. డాక్టరు సంతోషించి పక్క గదికి వెళ్ళేవారు.

మూడో గురువారానికి ముందు రోజు ఆంటీ ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మీ ఒళ్ళు డాక్టరుకు చూపించాలని ఉంది. మీకు ఇష్టమైతేనే."

"నా ఒంట్లో చూడ్డానికి ఏముంది, లవ్?" అన్నాడు, ఇక్కడి ముసలివాళ్ళు అందరినీ పిలిచే తీరులో.

"అది నాకు తెలీదు. అందుకే చూపించాలంటున్నాను."

ఆయన ఆవిడ మొహంలోకి కాసేపు చూసి, "నలభై ఏళ్ళు పశువుల డాక్టరుకి నేనూ ఇదే మాట చెప్పాను. సరే" అన్నాడు.

మర్నాడు ఆంటీ ఆయన స్నానాన్ని సరిగ్గా డాక్టరు వచ్చే వేళకు మార్చారు. నేను లోపల తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ తలుపు దగ్గర కాపు కాశారు. డాక్టరు అటుగా రాగానే దారికి అడ్డంగా నిలబడ్డారు. అంత పొట్టి మనిషి అంత అడ్డంగా నిలబడడం నేను మళ్ళీ చూడలేదు.

"రెండు నిమిషాలు డాక్టర్. ఈసారి క్యారెట్ కాదు."

ఆయన నవ్వి, వాచీ చూసుకుని లోపలికి వచ్చారు. ఆంటీ రైతు తాత నడుము దగ్గర తువ్వాలును కొంచెం, మర్యాద పోనంతగా, పక్కకు జరిపారు.

"ఇక్కడ ఎండ తగలదు" అన్నారు.

డాక్టరు మొహంలో నవ్వు పోయింది. మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఛాతీ మీది చుక్కను తానే నొక్కి వదిలారు. మళ్ళీ నొక్కారు. అరచేతులు తిప్పి చూశారు. కణుపులు తడిమారు. రెండు నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి.

"మీ ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు ఉండేదా?"

"మా అన్న దానితోనే పోయాడు. యాభై ఆరేళ్ళకి. తాగి పాడుచేసుకున్నాడన్నారు అందరూ." అన్నాడు రైతు తాత. "ఎప్పుడు తాగేవాడో నాకు తెలియదు. ఆదివారం ఒక బీరు తప్ప నేను చూడలేదు."

డాక్టరు లేచి రక్త పరీక్షకు రాసిచ్చారు.

రక్త పరీక్షలో ఇనుము విపరీతంగా ఉందని తేలింది. పుట్టుకతోనే వచ్చే గుణమట అది. తిన్న తిండిలోని ఇనుమును ఒళ్ళు అవసరానికి మించి పీల్చుకుని, లివర్లో, కీళ్ళలో, చర్మంలో దాచుకుంటూ పోతుంది. ఐరోపా మూలాలున్న కుటుంబాల్లో అరుదేమీ కాదట. రైతు తాత లివర్ అప్పటికే చాలావరకు గట్టిపడింది. దాన్ని వెనక్కి తీసుకురాలేమన్నారు. అప్పుడప్పుడు కొంచెం కొంచెం రక్తం తీసేస్తూ వచ్చారు. నీరసం తగ్గింది. ఇంకో రెండేళ్ళు హాయిగా బతికాడు. ఆ ఇత్తడి రంగు కాస్త వెలిసినప్పుడు, "నా అందమంతా దొంగిలించావు" అని ఆంటీని ఆటపట్టించేవాడు.

అసలు సంగతి అది కాదు. కుటుంబంలో వచ్చే జబ్బు కాబట్టి ఆయన పిల్లలిద్దరికీ పరీక్ష చేశారు. కూతురికి లేదు. హామిల్టన్ దగ్గర ఆ పాడి చూసుకుంటున్న కొడుకుకు ఉంది. యాభై రెండేళ్ళు. ఒంట్లో ఇనుము పేరుకుంటోంది గానీ లివర్ ఇంకా చెడలేదు. సరైన సమయానికి దొరికింది, క్రమం తప్పకుండా రక్తం ఇస్తుంటే అందరిలాగే బతకొచ్చన్నారు.

ఆ కొడుకు ఒక శనివారం వచ్చాడు. తలుపు నిండేంత మనిషి. టోపీ తీసి రెండు చేతుల్లో నలుపుతూ ఆంటీ ముందు నిలబడ్డాడు.

"మీరే కనిపెట్టారట."

"నేను చూశాను. కనిపెట్టింది డాక్టరు గారు" అన్నారు ఆంటీ.

"మా పెదనాన్నను తాగుబోతు అనుకుంటూనే పాతిపెట్టాం మేము" అన్నాడు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆంటీ ఆ చేతిని అలాగే ఉంచుకుని, అలవాటు కొద్దీ, అరచెయ్యి తిప్పి చూశారు. ముగ్గురం నవ్వాం.

ఆ సాయంత్రం స్టేషన్లో పొగబండి కోసం కూర్చున్నప్పుడు అడిగాను, మీకు ఇదంతా ఎలా తెలిసింది ఆంటీ అని.

"మా ఆయన చెరుకు లారీ నడిపేవాడు. తాగేవాడు. కళ్ళు పచ్చబడే నాటికి కడుపు నిండా నీళ్ళు. ధర్మాసుపత్రిలో పదకొండు రోజులున్నాడు." చీర కొంగు లేదు గానీ, ఉన్నట్టే భుజం మీద చెయ్యి వేసి సర్దుకున్నారు. "ఆరు నెలల ముందు నుంచీ భుజాల మీద ఈ చుక్కలే. వేడి చేసింది అనుకున్నాను. రోజూ వీపు రుద్దింది నేనే కదా. చూశాను గానీ, ఏటో తెలీదు. తాగినోడికి రాకపోతే ఎవరికొస్తది అన్నారంతా. ఆ మాట అన్నాక మరెవరూ సరిగ్గా చూడలేదు ఆయన్ని."

రైలు వచ్చింది. ఎక్కాక అన్నారు. "ఇప్పుడు ఎవరి వీపు రుద్దినా ఆయన వీపే అనిపిస్తది."

ఆయన పోయాక, ఫిజీలో గొడవల వల్ల ఆవిడ కూతుర్ని తీసుకుని ఇక్కడికి వచ్చేశారట.

2015లో నేను నర్సింగ్‌లో చేరాక, ఆవిడ ఇంటి వెనక ఉన్న స్లీప్‌అవుట్‌లో అద్దెకు దిగాను. పెరట్లో విడిగా కట్టిన ఒంటి గది అది. చుట్టూ చేమ ఆకుల మడి. ఆ ఏడాదే గమనించాను, ఆంటీ గోక్కుంటున్నారు. మొదట అరచేతులు, అరికాళ్ళు. తరువాత ఒళ్ళంతా. సబ్బు మార్చారు. బట్టల పౌడరు మార్చారు. యూనిఫాం గుడ్డ పడట్లేదన్నారు. కొబ్బరినూనె సీసాలు ఖాళీ అవుతున్నాయి. ఎన్నడూ లేనిది, పొద్దున బూటు చేతిలో పట్టుకుని మంచం మీద అలాగే కూర్చుండిపోయేవారు. కంటి రెప్పల మీద, ముక్కు వైపు, మెత్తటి పసుపు బుడిపెలు రెండు వచ్చాయి.

"వయసు బేటీ" అనేవారు.

నేను చదువుతున్న పుస్తకాలు ఒక పక్క, ఆవిడ నేర్పింది ఒక పక్క నన్ను ఊరుకోనివ్వలేదు. ఒకరోజు ధైర్యం చేసి, "ఆంటీ, ఒకసారి లివర్ పరీక్ష చేయించుకోండి" అన్నాను.

అంత కోపం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు. "లివరా? జిందగీలో ఒక్క చుక్క ముట్టలేదు నేను. ఆ మాట నా ఇంట్లో మళ్ళీ అనకు!"

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందరి ఒళ్ళూ చూసిన మనిషికి తన ఒళ్ళు ఇంకొకరు చూడడం ఇంత కష్టమా అనుకున్నాను. అది కష్టం మాత్రమే కాదని, భర్త మీద పడిన ముద్ర తన మీద కూడా పడుతుందన్న భయమని తరువాత తెలిసింది.

శనివారం ఆవిడే నూనె సీసా పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చారు. కూతురు ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్లో షిఫ్టుకు వెళ్ళింది. "వీపు అందట్లేదు. కాస్త రాయి" అన్నారు, నా మొహం చూడకుండా.

స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు కాచుకుని, జాకెట్టు వెనక్కి జరిపాను. భుజాల మీద, నడుము మీద, పక్కల్లో గోటి గీతలు. కొన్ని పాతవి, కొన్ని నెత్తురు ఆరనివి. రెండు భుజపుటెముకల మధ్య మాత్రం ఏమీ లేదు. రెక్కలు చాపిన సీతాకోకచిలుక ఆకారంలో, నున్నగా, శుభ్రంగా ఉన్న చర్మం.

నా చెయ్యి ఆగిపోయింది.

"ఏటైంది?"

"ఒక మాట చెప్తాను ఆంటీ. కోప్పడకండి."

"చెప్పు."

"మీ చెయ్యి అందని చోట చర్మం బాగుంది. ఒక్క గీత లేదు. ఒక్క పొక్కు లేదు."

ఆవిడ కదల్లేదు. "ఎంత మేర?" అన్నారు. నేను వేలితో ఆ అంచు వెంబడి గీసి చూపించాను. ఆ వేలు పోయిన దారంతా ఆవిడ మనసులో చూసుకుంటున్నట్టు తల వంచుకున్నారు.

"సబ్బు పడకపోతే అక్కడ కూడా పొక్కాల కదా" అన్నారు మెల్లగా.

"అవును ఆంటీ."

"అచ్ఛా. అయితే ఈ దురద చర్మానిది కాదు."

నేను నూనె సీసా మూత పెట్టాను.

"లోపలిది" అన్నారు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని ముందుకు వచ్చి చూశాను. కళ్ళలో నీళ్ళున్నాయి గానీ పెదాల మీద నవ్వుంది. "నా వీపు నాకు కనపడదు కదా బేటీ!"

తన జబ్బు మొదటి గుర్తును, కనపడని తన వీపు మీద, ఇంకొకరి వేలి కదలికను బట్టి ఆవిడే పోల్చుకున్నారు.

సోమవారం ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్ళాం. పరీక్షలయ్యాయి. లివర్ లోపలి సన్నటి పైత్యనాళాలను ఒంటి రక్షణ శక్తే పొరపాటున తినేస్తున్న జబ్బు అన్నారు. ఎక్కువగా ఆడవాళ్ళకు వస్తుందట. "తాగకపోయినా వస్తదా?" అని ఆంటీ మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ ఆ డాక్టరమ్మ ఓపిగ్గా, "దీనికీ తాగుడికీ సంబంధం లేదు" అని చెప్పింది. బయటికి వచ్చాక ఆంటీ కారులో బెల్టు పెట్టుకుంటూ, "తాగినోడైనా మనిషే. ఆయన్ని కూడా ఎవరైనా ఇంత ఓపిగ్గా చూడాల్సింది" అన్నారు.

మాత్రలు మొదలయ్యాయి. దురద తగ్గడానికి నీళ్ళలో కలుపుకునే పొడి ఒకటి ఇచ్చారు. ఆలస్యంగా దొరికిన జబ్బు కావడంతో పూర్తిగా ఆగలేదు గానీ నెమ్మదించింది. ఇంకో రెండేళ్ళు పని చేశారు. గుడికి వెళ్ళినా, డైరీ అని పిలిచే వీధి కొట్లో పాలు కొనడానికి నిలబడినా, సాటి ముసలివాళ్ళు దురద అని అంటే చాలు, "సబ్బు మార్చి చూడు. పోకపోతే డాక్టరు దగ్గరికి పో. మన నల్ల చర్మం మీద పసుపు దాక్కుంటది, కళ్ళు చూపించు" అనేవారు. ఫలానా జబ్బు అని మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు. "జబ్బు పేరు చెప్పడం నా పని కాదు. చూడమనడం వరకే."

నాకు హామిల్టన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాక నెలకోసారి వచ్చి చూసేదాన్ని. వచ్చినప్పుడల్లా నా పేషెంట్ల గురించి అడిగేవారు. పేర్లు కాదు, ఒళ్ళు. ఈ ఏడాది మొదట్లో కడుపులో నీరు చేరింది. చేతులు పుల్లల్లా అయ్యాయి. ఎక్కడ తగిలినా కమిలిపోయేది. పెద్ద వయసు, గుండె కూడా బలహీనం, ఇంక పెద్ద వైద్యాలు తట్టుకోలేరన్నారు. ఆవిడ తల ఊపారు.

దహనం రోజు హాలు నిండింది. ఎవరెవరో వచ్చి ఏవేవో చెప్పారు. నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది ఆ రోజు కాదు. అంతకు నెల ముందు, ధర్మాసుపత్రి వార్డులో ఒక మధ్యాహ్నం.

నేను పక్కన కూర్చుని ఉన్నాను. పెద్ద డాక్టరు వచ్చి, మెడిసిన్ చదివే పిల్లలు ఆరుగురు ఉన్నారు, మిమ్మల్ని చూసి నేర్చుకోవచ్చా అని అడిగారు. ఆంటీకి కూర్చునే ఓపిక లేదు. "వద్దనుకుంటే వద్దనొచ్చు ఆంటీ" అన్నాను చెవిలో.

"రానీ. చూడకపోతే ఎలా వస్తది?" అన్నారు.

పిల్లలు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. ఒకప్పుడు వీపు చూపించడానికే మొహం తిప్పుకున్న మనిషి, గౌను చేతులు తానే పైకి లాగి అరచేతులు చాపారు. భుజం మీది చుక్కను నొక్కి చూడమన్నారు. గోటి గీతలు చూపించారు. ఆవిడ ఇంగ్లీషు నెమ్మదిగా, తెగి తెగి వస్తోంది. పెద్ద డాక్టరు ఒక పక్కకు తప్పుకుని చేతులు కట్టుకుని వింటున్నారు.

వెనక నిలబడ్డ సమోవా దీవుల అమ్మాయి ఒకరు మాత్రం ముందుకు రాలేదు. ఆంటీ పిలిచారు.

"రా తల్లీ, దగ్గరికి. నేను విరిగిపోను."

ఆ అమ్మాయి వచ్చి వంగింది. చాలాసేపు చూసి, అందరి ముందూ సిగ్గుపడుతూనే, "నాకు పసుపు కనిపించడం లేదు ఆంటీ" అంది.

"మంచిపని చేశావు, చెప్పావు" అన్నారు ఆంటీ. "కనపడకుండానే కనపడిందని తల ఊపేవాళ్ళే ఎక్కువ."

అని, సూదులు గుచ్చి కమిలిన రెండు చేతులూ కష్టం మీద పైకెత్తి, రెండు చూపుడు వేళ్ళతో తన కింది రెప్పలను కిందికి లాగి, కళ్ళు పైకప్పు వైపు తిప్పారు. తెల్లగా ఉండాల్సిన చోట పసుపును ఆ అమ్మాయి చూసింది. ఆ తరువాత కళ్ళు తుడుచుకుని పక్కకు తప్పుకుంది. ఇంకో అబ్బాయి వంగాడు. తరువాత ఇంకొకరు. ఆంటీ చేతులు బరువెక్కి కిందికి జారుతున్నాయి. నేను పట్టుకుంటానంటే వద్దన్నట్టు తల అడ్డంగా కదిపారు. రెప్పలు వదలకుండా, పైకి చూస్తూ, ఆఖరి పిల్ల వంతు వచ్చేదాకా ఆవిడ అలాగే ఉన్నారు.